రక్తంలో దాగిన శత్రువును పట్టిచ్చిన డాక్టర్ బ్లంబర్గ్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదకులు కోరినప్పుడు, బ్లడ్ బ్యాంకులో లాబ్ టెక్నీషియన్‌గా సర్వీసంతా గడిపిన నాకు మరో పేరు తోచలేదు. దాత రక్తంలో హెపటైటిస్-బి లేదని రిజిస్టరులో రాసి సంతకం పెట్టిన ప్రతిసారీ మేము వాడుకున్నది డాక్టర్ బరూక్ బ్లంబర్గ్ పెట్టిన భిక్షే.

ఆయన 1925 జులై 28న న్యూయార్క్‌లో జన్మించారు. యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశారు. భౌతికశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని, లెక్కల్లో పై చదువుకు చేరి, న్యాయవాది అయిన తండ్రి సలహాపై వైద్యవిద్యకు మారారు. 1951లో డాక్టరు పట్టా వచ్చింది.

విద్యార్థిగా ఉన్నప్పుడే దక్షిణ అమెరికాలోని సురినాం దేశంలో కొన్నాళ్ళు పనిచేశారు. అక్కడ చెరకు తోటల కోసం తరలివచ్చిన నానా జాతుల కూలీలలో మన భారతీయుల సంతతి కూడా ఉంది. బోదకాలు వ్యాధి ఒక జాతివారిలో ఎక్కువ, మరొక జాతివారిలో తక్కువ కనిపించింది. బోదకాలు సంగతి మన కోస్తా జిల్లాల వారికి నేను చెప్పనక్కరలేదు. అదే నీరు, అదే దోమ, మరి ఒకరికి జబ్బు ఎందుకు, ఇంకొకరికి ఎందుకు లేదు? ఈ ప్రశ్నే ఆయనను జీవితాంతం నడిపించింది.

జవాబు రక్తంలోని ప్రొటీన్ల తేడాలలో ఉంటుందని భావించి, దేశదేశాల నుంచి రక్త నమూనాలు సేకరించారు. పలుమార్లు రక్తం ఎక్కించుకున్న హీమోఫీలియా రోగుల సీరంలో ఇతరుల ప్రొటీన్లకు యాంటీబాడీలు పుట్టి ఉంటాయి కదా! జెల్ పలకలో చిన్న గుంటలు చేసి, ఒకదానిలో ఆ సీరం, చుట్టూ ఇతరుల సీరం పోసేవారు. రెండూ కలిసినచోట తెల్లని గీత పడితే ఏదో ఉన్నట్టు. 1963లో న్యూయార్క్ రోగి సీరానికీ, ఆస్ట్రేలియా ఆదివాసి సీరానికీ మధ్య అటువంటి గీత పడింది. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టారు. అది వంశపారంపర్య లక్షణమని మొదట అనుకున్నారే గాని కామెర్ల మాటే తలపులో లేదు.

1966లో ఒక రోగికి మొదట నెగటివ్, తరువాత పాజిటివ్ వచ్చింది. ఆ మధ్యలో అతనికి హెపటైటిస్ సోకిందని తేలింది. మరుసటి సంవత్సరం ఆయన లాబ్‌లోని టెక్నీషియన్ బార్బరా వెర్నర్‌కు ఒంట్లో నలతగా ఉండి, తన సీరం తానే పరీక్షించుకుంటే గీత పడింది. ఆమె కోలుకున్నారు. మా వృత్తివారు కనుక ఆమెకు ఇక్కడ ఒక నమస్కారం పెట్టకుండా ఉండలేను.

టోక్యోలో ఒకోచి, న్యూయార్క్‌లో ప్రిన్స్ ఈ సంబంధాన్ని ధ్రువపరిచారు. 1970 దశకం ఆరంభంలో అమెరికాలో దాతలందరికీ ఈ పరీక్ష తప్పనిసరి చేశారు. రక్తం అమ్ముకునేవారిని మానిపించడం, ఈ పరీక్ష, రెండూ కలిసి గొప్ప మేలు చేశాయి. మన దేశంలో రక్తం అమ్మకం సుప్రీంకోర్టు తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి గాని ఆగలేదు.

నాకు ఆయనపై గౌరవం పెరిగింది మరొక విషయంలో. ఒళ్ళంతా బాగానే ఉన్న మనిషికి పాజిటివ్ అని చెబితే అతని ఉద్యోగం, పెళ్ళి, కుటుంబం ఏమవుతాయని ఆయన ఆనాడే ఆలోచించి, వ్యాసాలు రాశారు. నేను పనిచేసిన చోట పాజిటివ్ రక్తం పారవేసేవారు గాని, దాతను కూర్చోబెట్టి విడమరచి చెప్పే ఏర్పాటు చాలాకాలం లేదు. ఆ మనిషి ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డలకు పరీక్ష చేయించుకోమని చెప్పేదెవరు?

1969లో మిల్‌మన్‌తో కలిసి వ్యాధి మోస్తున్నవారి రక్తం నుంచే టీకా తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. ఆ టీకాకు 1981లో అనుమతి లభించింది. 1976లో గజ్డుసెక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో సొంతంగా ఈ టీకా విడుదల చేసినాకే సామాన్యునికి అందుబాటులోకి వచ్చింది. మనవాళ్ళు కామెర్లకు వాడే నేల ఉసిరిని కూడా ఆయన వదలలేదు. మద్రాసు శాస్త్రజ్ఞులతో కలిసి పరిశోధించి 1988లో ఆశాజనకమైన ఫలితం ప్రకటించారు. తరువాతి పరిశోధనల్లో అది నిలబడలేదు.

డెబ్భై ఏళ్ళు దాటాక ఇతర గ్రహాల మీద జీవం కోసం వెదికే నాసా సంస్థకు తొలి డైరెక్టరయ్యారు. 2011 ఏప్రిల్ 5న కాలిఫోర్నియాలో ఒక సదస్సులో ప్రసంగించిన తరువాత గుండెపోటుతో కన్నుమూశారు. 1963 నాటి జెల్ ప్రయోగాల్లో ఆయనతో ఉన్న హార్వే ఆల్టర్‌కు 2020లో, హెపటైటిస్-సి పరిశోధనకు, నోబెల్ వచ్చింది.