డేరాలు కుట్టిన ప్రిస్కిల్ల

రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయములోని పేర్లను మనము త్వరత్వరగా చదివి దాటిపోవుదుము. ఆ వందనములలో మొదటిది ఎవరికో గమనించితిరా? డేరాలు కుట్టి బ్రదికిన ప్రిస్కిల్లకును, ఆమె భర్తయైన అకులకును.

క్రీ.శ. 49 ప్రాంతమున క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచిపొమ్మనగా, ఈ దంపతులు కొరింథు చేరిరి. అక్కడ పౌలును తమ యింట చేర్చుకొని, అతనితో కూడ పనిచేసిరి. తరువాత ఎఫెసులో, విద్వాంసుడైన అపొల్లోకే దేవుని మార్గమును విశదపరచిరి. చేతిపనివారని తక్కువగా చూడదగినవారా? పౌలు కొరకు ప్రాణములకు సహితము తెగించినవారు!

అతడు దానిని మరువలేదు. క్రీ.శ. 57 ప్రాంతమున, తాను ఇంకను చూడని రోమా సంఘమునకు వ్రాయుచు, భర్త పేరుకంటె ముందుగా ఆమె పేరే వ్రాసెను. వారి యింట కూడుకొను సంఘమునకును వందనములు చెప్పెను. మరణము సమీపించిన దినములలో తిమోతికి వ్రాసిన పత్రికలోను మొదటి వందనము వారికే.