జోసెఫ్ పాక్స్‌టన్

సర్ జోసెఫ్ పాక్స్‌టన్ (ఆగష్టు 3, 1803 - జూన్ 8, 1865) ఇంగ్లాండు దేశానికి చెందిన సుప్రసిద్ధ ఉద్యానవేత్త, భవన నిర్మాత, రచయిత, పార్లమెంటు సభ్యుడు. 1851లో లండను నగరంలోని హైడ్ పార్కులో జరిగిన మహాప్రదర్శన కొరకు క్రిస్టల్ పాలెస్ అనే గాజు భవనాన్ని రూపొందించినవాడుగా ఇతడు ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. అయితే ఆ భవనానికి మూలమైన విద్యను ఇతడు నేర్చుకున్నది తోటలోనే. చలి, మబ్బు, మంచు తప్పని డెర్బీషైర్ ప్రాంతంలో అరటి గెలలు వేయించడానికి చేసిన కృషి ఇతని జీవితంలో ముఖ్యమైన ఘట్టం. నేడు ప్రపంచ విపణిలో అత్యధికంగా అమ్ముడవుతున్న అరటి వర్గానికి కావెండిష్ అనే పేరు ఆ తోట నుండే వచ్చింది.

బాల్యం, తొలి ఉద్యోగం

పాక్స్‌టన్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని మిల్టన్ బ్రయన్ అనే గ్రామంలో ఒక సామాన్య వ్యవసాయ కుటుంబంలో ఏడవ కుమారుడుగా జన్మించాడు. చిన్న వయసులోనే తోటపనిలో ప్రవేశించి, 1823లో లండను సమీపాన చిజిక్‌లో ఉన్న హార్టికల్చరల్ సొసైటీ వారి తోటలో చేరాడు. అక్కడి రిజిస్టరులో తన జన్మ సంవత్సరాన్ని 1801గా వ్రాయించుకున్నాడు. ఉద్యోగం కొరకు రెండేళ్ళు వయసు పెంచి చెప్పుకోవడం మనవారికి కొత్త సంగతి కాదు గాని, ఈ కారణంగా చాలాకాలం పుస్తకాలలో ఇతని జన్మ సంవత్సరం తప్పుగా అచ్చయింది.

ఆ తోట భూమి ఆరవ డెవన్‌షైర్ డ్యూక్ అయిన విలియం కావెండిష్‌ది. తోటకు తరచు వచ్చే డ్యూక్ ఈ యువకుని తెలివితేటలు గమనించి, 1826లో డెర్బీషైర్‌లోని తన ఛాట్స్‌వర్త్ భవనపు తోటలకు ప్రధాన తోటమాలిగా నియమించాడు. జీతం ఏడాదికి 70 పౌండ్లు, ఉండటానికి ఒక ఇల్లు. అప్పటికి పాక్స్‌టన్ వయసు 22 సంవత్సరాలు మాత్రమే. మే 9 తెల్లవారుజామున నాలుగున్నరకు చేరుకున్న ఇతడు గోడ దూకి లోపలికి వెళ్ళి తోటంతా తిరిగి చూశాడు. ఆరు గంటలకు పనివారిని పనిలో పెట్టి, ఆ తరువాత అల్పాహారానికి కూర్చున్నాడు. అక్కడే భవన నిర్వాహకురాలి మేనకోడలు సారా బౌన్‌ను చూచి ఇష్టపడ్డాడు. 1827లో వారి వివాహం జరిగింది. పాక్స్‌టన్ తరచు ప్రయాణాలలో ఉండేవాడు కనుక తోటల లెక్కలు, పనివారి అజమాయిషీ చాలావరకు సారాయే చూసేది. ఇతని చరిత్ర చెప్పేవారు ఆమెను ఒక వాక్యంతో దాటవేయడం న్యాయం కాదు.

గాజుగృహాలు

మనకు అరటి పెరటి చెట్టు. కాలువ పక్కన ఒక పిలక పాతితే గెల వేస్తుంది. ఉష్ణోగ్రత 14 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోతే అరటి ఎదుగుదల దాదాపు నిలిచిపోతుంది, మంచు తగిలితే ఆకులు మాడిపోతాయి. సుమారు 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న ఛాట్స్‌వర్త్‌లో చలికాలపు పగలు ఎనిమిది గంటలకు మించదు. వేడిని బొగ్గుతో తెచ్చుకోవచ్చు గాని వెలుతురును తెచ్చుకోలేము. నాటి గాజుగృహాలలో చాలావాటికి మందమైన చట్రాలు ఉండి వెలుతురును అడ్డగించేవి. పాక్స్‌టన్ ముఖ్యంగా ఈ లోపం మీదనే దృష్టి నిలిపాడు. గాజు కప్పును ఏటవాలు పలక వలె గాక, దున్నిన పొలంలోని గట్లు, చాళ్ళ వలె వరుసగా ముడతలు పెట్టి కట్టించాడు. దీనివలన ఏటవాలుగా పడే ఉదయపు, సాయంకాలపు ఎండ గాజును సూటిగా తాకి లోపలికి చేరుతుంది. చట్రాలకు ఇనుమునకు బదులు సన్నని కొయ్యను వాడాడు. బయటి వాన నీరును, లోపల గాజుపై పట్టే చెమ్మను కూడా ఒకే కొయ్య దూలంలో తొలిచిన గాళ్ళ గుండా పోయేటట్లు ఏర్పాటు చేశాడు. ఈ చట్రపు కొయ్యలను కోయడానికి ఆవిరితో నడిచే యంత్రాన్ని కూడా తయారుచేశాడు.

ఈ పద్ధతులన్నిటి ఫలితంగా 1836 - 1840 మధ్య మహా గాజుగృహం నిర్మాణమైంది. దీని పొడవు 277 అడుగులు, వెడల్పు 123 అడుగులు. దీని రూపకల్పనలో డెసిమస్ బర్టన్ అనే వాస్తుశిల్పి సహకరించాడు. నేల క్రింద ఎనిమిది బాయిలర్లు, సుమారు 7 మైళ్ళ పొడవు వేడినీటి గొట్టాలు అమర్చారు. బొగ్గు బండ్లు కంటికి కనబడకుండా సొరంగ మార్గంలో వచ్చేవి. 1843లో విక్టోరియా రాణి గుర్రపు బండిలోనే దీని నడుమగా ప్రయాణించి చూసింది. అప్పట్లో ఇంగ్లాండులో గాజుపై బరువును బట్టి పన్ను ఉండేదన్న విషయం గుర్తుంచుకుంటే, ఇది డ్యూకులకు తప్ప అన్యులకు సాధ్యం కాని వైభవమని తెలుస్తుంది.

కావెండిష్ అరటి

చైనా నుండి మారిషస్ ద్వీపానికి చేరిన ఒక పొట్టి అరటి రకాన్ని అక్కడి చార్లెస్ టెల్ఫెయిర్ 1829 ప్రాంతంలో ఇంగ్లాండుకు పంపాడు. వాటి సంతతిలోని మొక్క ఒకటి తరువాత ఛాట్స్‌వర్త్‌కు చేరింది. భవనంలోని చైనా గోడకాగితం మీద అరటిచెట్టు బొమ్మ చూచి పాక్స్‌టన్‌కు ఆశ కలిగిందని ఒక కథ ఉన్నది. కథ మాట ఎలా ఉన్నా, ఈ రకాన్ని ఎన్నుకోవడానికి గట్టి కారణం దాని పొట్టిదనమే. పొడవైన అరటి గాజు కప్పును తాకి, ఆకులు చీలి పాడవుతుంది. పొట్టి రకం తక్కువ ఎత్తు గల గదిలో కూడా గెల వేస్తుంది. సారవంతమైన మట్టి, పుష్కలంగా నీరు, ఎడతెగని వెచ్చదనం సమకూర్చగా ఆ చెట్టు 1835 నవంబరులో పూవు వేసింది. 1836 మే నాటికి నూరుకు పైగా కాయలు కాసింది. హార్టికల్చరల్ సొసైటీ ప్రదర్శనలో దీనికి పతకం లభించింది. డ్యూక్ వంశనామంతో దీనికి మూసా కావెండిషై అని పేరు పెట్టారు. నేటి శాస్త్రజ్ఞులు దీనిని ప్రత్యేక జాతిగా పరిగణించడం లేదు.

ఛాట్స్‌వర్త్ పిలకలను జాన్ విలియమ్స్ అనే క్రైస్తవ మతప్రచారకుడు 1838లో బయలుదేరి పసిఫిక్‌లోని సమోవాకు తీసుకుపోయాడు. అక్కడి నుండి అవి ఇతర ద్వీపాలకు వ్యాపించాయి. 1950, 1960 దశకాలలో పనామా తెగులు వలన గ్రోస్ మిషెల్ అనే ఎగుమతి అరటి నశించగా, ఆ తెగులును తట్టుకున్న కావెండిష్ వర్గపు రకాలు దాని స్థానాన్ని ఆక్రమించాయి. ఇప్పుడు అదే తెగులులోని మరొక తెగ కావెండిష్ తోటలను కూడా దెబ్బతీస్తున్నది. నేటి ఎగుమతి అరటిచెట్లన్నీ ఛాట్స్‌వర్త్ చెట్టు సంతానమేనని వ్రాయడం కద్దు. అది అతిశయోక్తి. ఛాట్స్‌వర్త్‌లోనిది పొట్టి కావెండిష్. అనంతపురం, కడప ప్రాంతాలలో విరివిగా వేస్తున్న గ్రాండ్ నైన్ అదే వర్గానికి చెందిన వేరొక రకం. ఈ వర్గపు అరటి ఆసియాలో పాక్స్‌టన్‌కు ముందే ఉన్నది.

మొక్కల వేట

డ్యూక్ ధనంతో పాక్స్‌టన్ దూరదేశాలకు మనుషులను పంపాడు. జాన్ గిబ్సన్ అనే యువ తోటమాలి 1836లో కలకత్తా చేరి, అక్కడి వృక్షోద్యానాధిపతి నథానియల్ వాలిక్ సహాయంతో ఖాసీ కొండలలో ఆర్కిడ్లు సేకరించి, మరుసటి సంవత్సరం క్షేమంగా తిరిగివచ్చాడు. ఉత్తర అమెరికాకు పంపిన ఇద్దరు తోటమాలులు మాత్రం 1838లో కొలంబియా నదిలో పడవ మునిగి మరణించారు. ఆ తరువాత అటువంటి యాత్రలు సాగలేదు.

క్రిస్టల్ పాలెస్

1849లో క్యూ ఉద్యానం నుండి తెచ్చిన విక్టోరియా అనే మహా కలువను పాక్స్‌టన్ ఇంగ్లాండులో మొదటిసారిగా పూయించాడు. తన చిన్న కుమార్తె ఆనీని దాని ఆకు మీద నిలబెట్టి ఆకు బలాన్ని చూపించాడు. ఆ ఆకు అడుగున ఉన్న ఈనెల అల్లికను, కలువ కొరకు కట్టిన గాజుగృహాన్ని ఆధారం చేసుకుని 1850 జూన్‌లో ఒక రైల్వే సమావేశంలో అద్దుడు కాగితం మీద గీసిన చిత్రమే క్రిస్టల్ పాలెస్‌కు నాంది. అంతకు ముందు వచ్చిన 245 నమూనాలు తిరస్కరించబడ్డాయి. దాదాపు మూడు లక్షల గాజు పలకలతో నెలల వ్యవధిలో లేచిన ఆ భవనాన్ని అరవై లక్షల మంది దర్శించారు. 1851లోనే ఇతనికి సర్ బిరుదు లభించింది. తరువాత సిడెన్‌హామ్‌కు తరలించిన ఆ భవనం 1936 నవంబరు 30న అగ్నికి ఆహుతి అయింది.

చివరి సంవత్సరాలు

1854 నుండి మరణించే వరకు కోవెంట్రీ నుండి పార్లమెంటు సభ్యుడుగా ఉన్నాడు. 1858లో డ్యూక్ మరణించగా ఛాట్స్‌వర్త్ పదవికి రాజీనామా చేశాడు. అదే సంవత్సరం, విడదీసి మరొక చోటికి తీసుకుపోగలిగిన చవక గాజుగృహానికి పేటెంటు పొందాడు. గాజు పన్ను 1845లోనే రద్దయింది కనుక సామాన్యుని పెరటికి కూడా ఇది అందుతుందని ఇతని ఉద్దేశం. లక్షలాది మందికి గాజుగృహాలు అన్న పేరుతో వీటిని విక్రయించారు. మహా గాజుగృహం కంటె ఈ చిన్న చట్రమే ఇతని విద్యకు తగిన ఫలమని చెప్పవచ్చు.

పాక్స్‌టన్ సిడెన్‌హామ్‌లో మరణించాడు. ఛాట్స్‌వర్త్ చెంతనున్న ఎడెన్సర్ గ్రామంలో ఇతని సమాధి ఉన్నది. సారా 1871లో మరణించింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బొగ్గు, పనివారు దొరకక మహా గాజుగృహంలోని మొక్కలు చాలావరకు చలికి చనిపోయాయి. 1920లో దానిని మందుగుండుతో పడగొట్టారు. దాని పునాది గోడల మధ్య 1962లో పొదలతో ఒక చిక్కుదారుల తోటను నాటారు.