బెర్నదెత్ సూబిరూ

బెర్నదెత్ సూబిరూ (జనవరి 7, 1844 – ఏప్రిల్ 16, 1879) ఫ్రాన్సు దేశానికి చెందిన కన్యాస్త్రీ. రోమన్ కాథలిక్ సంఘము ఈమెను పునీతురాలిగా ప్రకటించింది. 1858లో లూర్దు పట్టణము వద్ద ఒక కొండగుహలో మరియమాత తనకు పద్దెనిమిది మారులు దర్శనమిచ్చినదని ఈమె తెలిపింది. విజయవాడలోని గుణదల మాత పుణ్యక్షేత్రమునకు మూలము ఈ వృత్తాంతమే.

బాల్యము, కుటుంబము

బెర్నదెత్ పిరనీస్ పర్వతముల దిగువనున్న లూర్దులో జన్మించింది. తండ్రి ఫ్రాన్సువా సూబిరూ పిండిమర నడిపేవాడు. తల్లి లూయీజ్ కాస్తెరో. వారి తొమ్మిదిమంది సంతానములో ఈమె పెద్దది. మిగిలినవారిలో పలువురు చిన్నతనములోనే మరణించారు.

ఈమె నెలల బిడ్డగా ఉన్నపుడు కొవ్వొత్తి పడి తల్లి రొమ్ము కాలింది. పాలిచ్చుటకు వీలులేక బిడ్డను సమీపములోని బార్త్రెస్ గ్రామములో మరీ లాగ్యూస్ అను స్త్రీ వద్ద ఉంచారు. అప్పటికి కొద్దికాలము క్రితమే ఆమె తన పసిబిడ్డను పోగొట్టుకున్నది. ఈ విధముగా బెర్నదెత్ ఇద్దరు తల్లుల పాలు త్రాగి పెరిగింది.

తరువాత కుటుంబము పిండిమరను కోల్పోయి కూలిపనులపై ఆధారపడింది. 1855లో బెర్నదెత్‌కు కలరా సోకింది. ఉబ్బసము జీవితాంతము బాధించింది. 1857 నాటికి ఆ కుటుంబము పూర్వము చెరసాలగా ఉండిన ఒకే ఒక చీకటి గదిలో తలదాచుకున్నది. అంత లేమిలోను రాత్రివేళ అందరు కలిసి ప్రార్థన చేయు ఆచారమును వారు విడువలేదు. పద్నాలుగేండ్ల వయసుకు కూడా చదువురాని బెర్నదెత్‌కు జపమాల ప్రార్థన మాత్రము కంఠస్థముగా వచ్చును.

దర్శనములు

1858 ఫిబ్రవరి 11న చెల్లెలు త్వానెత్, మరొక స్నేహితురాలితో కలిసి కట్టెలు ఏరుటకు వెళ్ళినపుడు, మస్సాబియేల్ గుహలో తెల్లని దుస్తులు ధరించిన స్త్రీ కనిపించినదని బెర్నదెత్ చెప్పింది. తల్లి భయపడి మరల అక్కడికి పోవద్దని వారించింది. అయినను దర్శనములు జూలై 16 వరకు కొనసాగినవి. ఫిబ్రవరి 25న ఆమె గుహలో చేతితో మన్ను తవ్విన చోట నీటి ఊట బయటపడింది.

పోలీసు అధికారి జాకొమె ఆమెను ప్రశ్నించి బెదిరించాడు. విచారణ గురువు పేరమాల్ మొదట నమ్మలేదు. మార్చి 25న ఆ స్త్రీ తాను అమలోద్భవినని తెలిపినదని బెర్నదెత్ ఆయనకు చెప్పింది. అమలోద్భవ సిద్ధాంతమును తొమ్మిదవ పయస్ పోపు 1854లోనే ప్రకటించినను, ఆ మాటకు అర్థము ఈ బాలికకు తెలియదు. ఇది గురువును ఆలోచింపజేసింది. నాలుగేండ్ల విచారణ అనంతరము 1862 జనవరి 18న తార్బ్ మేత్రాణులు ఈ దర్శనములను నమ్మదగినవిగా ప్రకటించారు. సందర్శకులు ఇవ్వజూపిన డబ్బును బెర్నదెత్ స్వీకరించలేదు.

సన్యాస జీవితము

1866 జూలైలో ఈమె నెవేర్ పట్టణములోని కన్యాస్త్రీల మఠములో చేరి మరీ బెర్నార్ అను పేరు పొందింది. అదే సంవత్సరము డిసెంబరు 8న, అమలోద్భవి మాత పండుగనాడు, తల్లి లూర్దులో మరణించింది. బెర్నదెత్ కడసారి చూపునకు నోచుకోలేదు. ఆమె మరల లూర్దుకు వెళ్ళలేదు. మఠములో రోగులకు పరిచర్య చేసింది, కుట్టుపని చేసింది. మోకాలి ఎముకకు సోకిన క్షయ వలన మంచము పట్టి 35వ ఏట మరణించింది. లూర్దు ఊట నీటితో స్వస్థత పొందినామని ఎందరో చెప్పుకొనుచుండగా, ఆ ఊటను వెలికితీసిన ఈమె రోగిగానే కన్నుమూసింది. పదకొండవ పయస్ పోపు 1925లో ఈమెను ధన్యురాలిగా, 1933 డిసెంబరు 8న పునీతురాలిగా ప్రకటించారు.

గుణదలతో సంబంధము

1920వ దశకములో గుణదలలోని అనాథ శరణాలయ బాధ్యతలు చూచిన ఇటలీ దేశపు గురువు ఆర్లాటి, అక్కడి కొండపై లూర్దుమాత స్వరూపమును ప్రతిష్ఠించారు. మొదటి దర్శనము జరిగిన తేదీని పురస్కరించుకొని ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో ఇక్కడ ఉత్సవములు జరుగుతాయి. క్రైస్తవులతో పాటు ఇతర మతస్థులు కూడా కొండనెక్కి మ్రొక్కులు తీర్చుకుంటారు. సంతానము కొరకు మ్రొక్కుకునే స్త్రీలు, బిడ్డలకు తలనీలాలు తీయించే తల్లులు, కొబ్బరికాయలు సమర్పించే కుటుంబములు ఇక్కడ కనిపిస్తారు. లూర్దులో లేని ఈ తెలుగు ఆచారములు గుణదలలో మరియమాత భక్తితో కలిసిపోయినవి.