శ్రీశ్రీ

శ్రీశ్రీగా ప్రసిద్ధుడైన శ్రీరంగం శ్రీనివాసరావు (1910 ఏప్రిల్ 30 - 1983 జూన్ 15) ఇరవయ్యవ శతాబ్దపు తెలుగు కవులలో అగ్రగణ్యుడు. అభ్యుదయ కవిగా, విప్లవ కవిగా, సినిమా పాటల రచయితగా ప్రఖ్యాతి పొందాడు. మహాప్రస్థానం ఈయన సుప్రసిద్ధ కవితా సంపుటి. శ్రమను, కూలిని, ఆకలిని, నగర జీవితాన్ని తెలుగు కవిత్వానికి ప్రధాన వస్తువులుగా చేసిన ఘనత ఈయనకు దక్కుతుంది. యూరపులో పుట్టిన అధివాస్తవికతను తెలుగు వచనంలో ప్రయోగించిన తొలి రచయితలలో ఈయన ఒకడు.

బాల్యం, విద్యాభ్యాసం

శ్రీశ్రీ విశాఖపట్నంలో పూడిపెద్ది వెంకటరమణయ్య, అప్పలకొండ దంపతులకు జన్మించాడు. శ్రీరంగం సూర్యనారాయణకు దత్తుడగుట వలన ఇంటిపేరు శ్రీరంగంగా మారింది. పసితనంలోనే తల్లిని కోల్పోగా, సవతితల్లి సుభద్రమ్మ పెంచి పెద్దచేసింది. 1925లో ఎస్.ఎస్.ఎల్.సి. ఉత్తీర్ణుడయ్యాడు. అదే సంవత్సరం వెంకటరమణమ్మతో వివాహం జరిగింది. 1931లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి జంతుశాస్త్రంలో బి.ఏ. పట్టా పొందాడు.

చిన్ననాటనే రచనలు ప్రారంభించిన శ్రీశ్రీ, 1928లో ప్రభవ అనే పద్యకావ్యాన్ని వెలువరించాడు. ఇది పూర్తిగా సంప్రదాయ ఛందస్సులో, భావకవుల ప్రభావంతో సాగిన రచన. తరువాతి కాలంలో ఈయన ఆ మార్గాన్ని పూర్తిగా విడిచిపెట్టాడు.

ఉద్యోగాలు

శ్రీశ్రీ పట్టభద్రుడైన నాటికి ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం వ్యాపించి ఉన్నది. చదువుకున్నవారికి కూడా కొలువులు దొరకని కాలమది. పట్టా పొందిన నాలుగేళ్ళకు, 1935లో, విశాఖలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాడు. 1938లో మద్రాసు వెళ్ళి ఆంధ్రప్రభ పత్రికలో సబ్ ఎడిటరు అయ్యాడు. ఆపై ఢిల్లీ ఆకాశవాణిలోను, సైనిక శాఖలోను, నిజాం సంస్థానంలోను వివిధ ఉద్యోగాలు చేసాడు. వీటిలో ఏ ఒక్కటీ ఎక్కువ కాలం నిలువలేదు. కూలి కోసం ఊళ్ళు మారే మనిషి ఈయన కవిత్వంలో పదే పదే కనిపించడానికి ఈ స్వానుభవం కూడా ఒక కారణమని చెప్పవచ్చు.

మహాప్రస్థానం

1933 నుండి 1940 వరకు రాసిన కవితలలో ముఖ్యమైనవి మహాప్రస్థానం సంపుటిలో ఉన్నాయి. గురజాడ అప్పారావు ముత్యాలసరాలతో చూపిన దారిలో ఈయన మాత్రా ఛందస్సులను చేపట్టి, వాటికి కవాతు నడకను, యంత్రపు వేగాన్ని ఇచ్చాడు.

బతుకుతెరువు వెదుక్కుంటూ ఇల్లు విడిచి పట్నానికి బయలుదేరి, అక్కడికి చేరకుండానే దారిలో రోగంతో కూలిపోయే యువకుని కథ బాటసారి. ఊరిలో తల్లి కొడుకు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. భిక్షు వర్షీయసిలో దిక్కులేక మరణించే ముసలి బిచ్చగత్తె కనిపిస్తుంది. ప్రతిజ్ఞ అనే కవిత పొలాలలో, గనులలో, కార్ఖానాలలో పనిచేసేవారి చెమటకు వెల కట్టలేమని ప్రకటిస్తుంది. దేశచరిత్రలు రాజుల చరిత్రను పక్కకు నెట్టి, కట్టడాలకు రాళ్ళు మోసిన కూలీల సంగతి అడుగుతుంది. సంధ్యాసమస్యలు ఇందుకు భిన్నమైనది. సాయంకాలం ఏ సినిమాకు పోవాలో, ఏ హోటలులో ఏమి తినాలో తేల్చుకోలేని నగరవాసి సందిగ్ధాన్ని ఇది హాస్యంగా చిత్రిస్తుంది.

ఈ కవితలకు చలం 1940లో యోగ్యతాపత్రం అనే పీఠిక రాసాడు. తెలుగులో వెలువడిన పీఠికలలో ఇది ఎంతో పేరు పొందింది. అయితే పుస్తకం మాత్రం 1950 వరకు అచ్చు కాలేదు. ఆ పదేళ్ళూ ఈ కవితలు పత్రికల ద్వారా, సభలలో పఠనాల ద్వారా, యువకుల నోళ్ళ ద్వారా ప్రచారమయ్యాయి. శ్రీశ్రీ ఈ గ్రంథాన్ని మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చాడు. ఉదయిని పత్రికను నడిపిన జనార్దనరావు క్షయవ్యాధితో 1937లో చిన్నవయసులోనే మరణించాడు. సాహిత్యాన్ని నమ్ముకుని పేదరికంలో రాలిపోయిన ఆ స్నేహితుని స్మృతి ఈ పుస్తకానికి మొదటి పుటగా నిలిచింది.

అధివాస్తవిక రచనలు

కవి ఆంద్రే బ్రెటన్ 1924లో పారిస్‌లో అధివాస్తవికతా ప్రణాళికను ప్రకటించాడు. తర్కానికి లొంగని కలలను, మనసు అడుగున దాగిన ఊహలను యథాతథంగా రచనలోకి తేవడం ఈ ఉద్యమ లక్ష్యం. శ్రీశ్రీ ఫ్రెంచి అధివాస్తవిక కవుల రచనలను తెలుగులోకి అనువదించడమే గాక, ఆ పద్ధతిలో స్వయంగా ప్రయోగాలు చేసాడు. చరమరాత్రి కథల సంపుటి ఇందుకు ఉదాహరణ. ఈ కథలలో కాలక్రమం, కార్యకారణ సంబంధం తరచుగా తప్పిపోతాయి. ఒసే తువ్వాలందుకో అనే కథలో నిత్యజీవితంలోని అతి సామాన్యమైన సందర్భం నుండి ఆలోచనల ప్రవాహం సాగుతుంది. దీనిని తెలుగులో తొలి చైతన్యస్రవంతి కథలలో ఒకటిగా పరిగణిస్తారు.

సామాన్యుని పక్షం వహించిన కవి సామాన్యునికి సులభంగా అందని పద్ధతిని చేపట్టడం కొందరికి వైరుధ్యంగా తోచింది. శ్రీశ్రీలో మాత్రం ఈ రెండూ చివరివరకు పక్కపక్కనే సాగాయి. రాబోయే మరో ప్రపంచాన్ని గురించిన ఊహ ఈయన కవిత్వానికి, రేడియో నాటికలకు కూడా ఆధారమైంది. ఆత్మకథ అయిన అనంతాన్ని సైతం ఈయన నవలగానే పేర్కొన్నాడు.

సినిమా రంగం

1950లో హిందీ నుండి అనువదించిన ఆహుతి చిత్రానికి మాటలు, పాటలు సమకూర్చాడు. తెలుగులో అనువాద చిత్రాలకు ఇది నాంది. తెరపై పెదవుల కదలికకు సరిపోయే తెలుగు మాటను వెదికి పెట్టవలసిన ఈ పనికి ఛందస్సుపై గల పట్టు తోడ్పడింది. మద్రాసులో స్థిరపడిన తరువాత జీవనాధారం ప్రధానంగా సినిమాయే అయింది. వెలుగునీడలు, ఆరాధన, డాక్టర్ చక్రవర్తి మొదలైన చిత్రాలకు రాసిన పాటలు నేటికీ వినబడుతున్నాయి. అల్లూరి సీతారామరాజు (1974) చిత్రంలోని పాటకు ఉత్తమ గీత రచయితగా జాతీయ పురస్కారం పొందాడు. 1956లో సరోజను రెండవ వివాహం చేసుకున్నాడు.

రాజకీయాలు, విరసం

1955 ఎన్నికలలో కమ్యూనిస్టు పార్టీ తరఫున ప్రచారం చేసాడు. 1970లో విశాఖపట్నంలో ఈయన షష్టిపూర్తి ఉత్సవం జరిగినపుడు, రచయితలు ఎటు నిలబడతారో తేల్చుకోవాలని విద్యార్థులు కరపత్రంతో సవాలు చేసారు. అదే సంవత్సరం జూలై 4న విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడగా, శ్రీశ్రీ దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. అరవై ఏళ్ళ వయసులో సన్మానాలతో సరిపెట్టుకొనక యువకుల వెంట నడవడం ఈయన జీవితంలో పెద్ద మలుపు.

పురస్కారాలు, చివరి రోజులు

ఖడ్గసృష్టికి 1966లో సోవియట్ లాండ్ నెహ్రూ పురస్కారం, 1972లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1979లో రాజా లక్ష్మీ పురస్కారం లభించాయి. 1981లో మహాప్రస్థానం ఈయన చేతిరాతతోను, సొంత గొంతులో రికార్డు చేసిన కాసెట్టుతోను లండన్ నుండి వెలువడింది. క్యాన్సర్ వ్యాధితో 1983 జూన్ 15న మద్రాసులో మరణించాడు.

ప్రభావం

కె.బాలచందర్ దర్శకత్వంలో 1981లో వచ్చిన ఆకలిరాజ్యం చిత్రంలో ఢిల్లీలో ఉద్యోగం దొరకని కథానాయకుడు శ్రీశ్రీ కవితలనే ఆసరాగా చేసుకుంటాడు. హైదరాబాదులో ట్యాంక్‌బండ్‌పై ప్రతిష్ఠించిన తెలుగు ప్రముఖుల విగ్రహాలలో శ్రీశ్రీ విగ్రహం కూడా ఉంది. ఉద్యోగ పరీక్షల శిక్షణ కోసం జిల్లాల నుండి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ హాస్టళ్ళకు యువకులు తరలివచ్చే ఈ కాలంలో కూడా బాటసారి కవిత పాతబడలేదు.