పట్టా కోసం పదేళ్లు: పరిశోధక విద్యార్థిగా అంబేడ్కర్

అంబేడ్కర్ అనగానే మనకు రాజ్యాంగం, కుల నిర్మూలన గుర్తుకు వస్తాయి. ఎంఏ పట్టా కోసం ఆయన సమర్పించిన పరిశోధన పత్రం ప్రభుత్వ పరిపాలన గురించీ, ఖజానా లెక్కల గురించీ అన్న సంగతి మాత్రం అంతగా గుర్తుండదు. ఆ పత్రం రాయడానికీ, ఆ తరువాతి పరిశోధనకు పట్టా అందుకోవడానికీ ఆయన పడిన పాట్లు నేటి విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి.

1913 ఫిబ్రవరిలో తండ్రి రాంజీ మరణించారు. అదే ఏడాది జులైలో అంబేడ్కర్ న్యూయార్క్ చేరారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకార వేతనం మంజూరు చేశారు. చదువు ముగిశాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలన్నది షరతు. బొంబాయిలో రమాబాయి లేమితో సంసారం ఈదుతుండగా, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన సెలిగ్మన్ వద్ద ఆర్థికశాస్త్రం, డ్యూయీ వద్ద తత్వశాస్త్రం అభ్యసించారు. గడువు మూడేళ్లే కనుక చదువును తీరికగా సాగించే అవకాశం ఆయనకు లేదు.

1915 మే నెలలో ఆయన సమర్పించిన ఎంఏ పత్రం ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాలపై రాసినది. నిడివి 42 పేజీలు. 1792 నుంచి 1858 వరకు కంపెనీ పాలన ఎలా మారిందో, భూమిశిస్తు, నల్లమందు, ఉప్పు వంటి వాటి ద్వారా ఆదాయం ఎలా రాబట్టిందో, ఆ సొమ్మును దేనిపై వెచ్చించిందో అందులో పరిశీలించారు. కంపెనీ పాలన అంతమైనా దాని అప్పుల భారం భారతీయ ప్రజలపైనే పడిందని చూపించారు. ఒక పాలన స్వభావం తెలియాలంటే అది ఎవరి నుంచి వసూలు చేసి ఎవరి మీద ఖర్చు పెడుతున్నదో చూడాలి. 24 ఏళ్ల విద్యార్థి ఆ లెక్కలతోనే పరిశోధన మొదలుపెట్టాడు.

మరుసటి ఏడాది మే నెలలో గోల్డెన్‌వైజర్ నిర్వహించిన సదస్సులో కులాల పుట్టుక, యంత్రాంగంపై పత్రం చదివారు. అంతర్వివాహమే కులానికి ఆయువుపట్టు అని అందులో వాదించారు. ఖజానాపై రాసిన పత్రాన్నీ, కులంపై రాసిన పత్రాన్నీ మనం వేరువేరుగా చదువుతాం. కానీ ఒక అధికార వ్యవస్థ ఏ ఏర్పాట్ల మీద నిలబడుతున్నదన్న ప్రశ్న రెండింటిలోనూ ఉంది.

డాక్టరేట్ సిద్ధాంత గ్రంథాన్ని కూడా సమర్పించి 1916లో లండన్ వెళ్లారు. ఏడాది తిరగకుండానే ఉపకార వేతనం గడువు ముగిసింది. చదువును మధ్యలో ఆపి 1917లో తిరిగి రావలసి వచ్చింది. విడిగా పంపిన సామాను, పుస్తకాలు ఓడతోపాటు సముద్రం పాలయ్యాయి. షరతు ప్రకారం బరోడా కొలువులో చేరితే కార్యాలయంలో బంట్రోతులు సైతం మైల సోకుతుందని కాగితాలను దూరం నుంచి విసిరేవారు. నగరంలో అద్దె గది దొరకలేదు. పారశీ సత్రంలో మారుపేరుతో తలదాచుకుంటే, కర్రలు పట్టుకొని వచ్చినవారు ఖాళీ చేయించారు. ఒక సామ్రాజ్యం ఖాతాలను విశ్లేషించిన పరిశోధకుడికి ఆ ఊళ్లో నిలువ నీడ కరువైంది.

నాటి కొలంబియా నియమం ప్రకారం సిద్ధాంత గ్రంథం అచ్చు ప్రతులు అందజేస్తేనే డాక్టరేట్ చేతికొచ్చేది. అచ్చుకు డబ్బు కావాలి, తీరికా కావాలి. సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడిగా కూడబెట్టిన సొమ్ముకు కొల్హాపూర్ షాహూ మహారాజ్, మిత్రుడు నావల్ భథేనా సాయం తోడై 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. అక్కడ రూపాయి సమస్యపై పరిశోధనకు 1923లో డీఎస్సీ అందుకున్నారు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామంపై కొలంబియా గ్రంథం 1925లో సెలిగ్మన్ ముందుమాటతో వెలువడింది. దానిని ఆయన గైక్వాడ్‌కు అంకితమిచ్చారు. కొలంబియా డాక్టరేట్ చేతికొచ్చింది 1927లో. ఆ ఏడాది మార్చిలోనే ఆయన మహాడ్‌లో వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగారు.

1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల పేరుతో కళాశాలలు పట్టాలు అట్టిపెట్టుకుంటే, పరీక్షలు గట్టెక్కిన దళిత, బహుజన విద్యార్థులు ఉద్యోగాల దరఖాస్తు గడువులు కోల్పోతున్నారు. నెలల తరబడి ఫెలోషిప్ అందక పరిశోధన మధ్యలో ఆగిపోతున్నవారూ ఉన్నారు. ప్రతిభ ఉంటే ఏ అడ్డూ నిలవదని చెప్పడానికి అంబేడ్కర్‌నే ఉదాహరణగా చూపడం మనకు అలవాటు. ఆయన జీవితం చెబుతున్నది వేరు. అంతటి ప్రతిభావంతుడికి కూడా ఉపకార వేతనం ఆగినప్పుడు చదువు ఆగింది, సాయం అందినప్పుడు సాగింది. ఏప్రిల్ 14న విగ్రహాలకు పూలమాలలు వేసే ప్రభుత్వాలు ఆ బకాయిలు కూడా చెల్లించాలి. ఖర్చుల పద్దు చూసి పాలనను అంచనా వేయడం ఆయన నేర్పిన పద్ధతి. ఈ ప్రభుత్వాలనూ అలాగే చూడాలి.