అడవి కోసం నిలబడ్డ జానకి

జానకి అనగానే మనకి అడవుల పాలైన సీతమ్మే గుర్తొస్తుంది. నాకైతే అడవిని కాపాడ్డానికి నిలబడ్డ జానకి అమ్మాళ్ కూడా గుర్తొస్తారు.

1897లో కేరళలోని తలశ్శేరిలో పుట్టారావిడ. ఇంట్లో పెళ్లిమాటలు సాగుతుంటే స్కాలర్‌షిప్ అందుకుని అమెరికా వెళ్లిపోయారు. 1931లో మిషిగన్ యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకున్నారు. తిరిగొచ్చి కోయంబత్తూరులో చెరకు మీద పరిశోధన చేశారు. ఆపైన ఇంగ్లండ్ వెళ్లి, 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల గ్రంథం వెలువరించారు. పెళ్లి ఊసే ఎత్తలేదు. 1977లో పద్మశ్రీ వచ్చింది.

ఇక హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు కదా! కానీ సైలెంట్ వ్యాలీలో కుంతీపుళ నది మీద విద్యుత్తు కోసం ఆనకట్ట కడతామన్నారు. ఏళ్లనాటి వానకారడవి కొంత నీటిపాలయ్యేది. వద్దన్నవాళ్లలో ఆవిడా ఒకరు. అంతేనా? మునిగిపోయేలోగా ఆ చెట్ల క్రోమోజోముల లెక్కయినా తీసిపెట్టాలని ఎనభై ఏళ్ల వయసులో నడుం కట్టారు.

1983లో ప్రాజెక్టు ఆగింది. 1984 నవంబరులో ఆ అడవి జాతీయ పార్కు అయింది. ఆ కబురు వినకుండానే, అదే ఏడు ఫిబ్రవరిలో ఆవిడ కన్నుమూశారు.

నలభై రాకుండానే ఇక చదువేంటిలే అని పుస్తకాలు అటకెక్కించిన నేను, మొన్న నిచ్చెన వేసుకుని వాటిని కిందికి దించాను.