కండ కరగడానికి కారణం వెతికిన షార్కో

జీన్ మార్టిన్ షార్కో 1825లో పారిస్‌లో, గుర్రపు బండ్లు తయారుచేసేవారి ఇంట పుట్టారు. 1862లో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో వైద్యుడిగా చేరారు. వేలాది నిరుపేద స్త్రీలు తలదాచుకున్న చోటది. కొందరికి చేతులు సన్నబడి, కాళ్లు బిగుసుకుపోయేవి. మా ఊళ్లలోనైతే తిండి చాలక అనో, గాలి సోకిందనో అనేస్తాం. షార్కో వారిని ఓపికగా గమనించారు. చనిపోయాక వారి వెన్నుపామును మైక్రోస్కోపుతో పరిశీలించారు. కండలను కదిలించే నాడీకణాలు అందులో నశించి ఉన్నాయి. నరం నుంచి కబురందక కండ కరిగిపోయిందన్నమాట! పక్కనున్న నరాల దారులు దెబ్బతిని బిగువు వచ్చింది. 1869లో ఈ సంగతి వెల్లడించారు. ఇప్పుడు ఎ.ఎల్.ఎస్. అంటున్న జబ్బు ఇదే. 1886లో శిష్యుడు పియరీ మారీతో కలిసి, పాదాల్లో మొదలై వంశపారంపర్యంగా వచ్చే మరో కండర క్షీణతను వివరించారు. దానికి ఆయన పేరే ఉంది. ఆ పేద స్త్రీల పేర్లు మాత్రం మా పాఠ్యపుస్తకాల్లో లేవు, మాకది వెలితే. షార్కో 1893లో కన్నుమూశారు. ఎ.ఎల్.ఎస్.ను నయంచేసే మందు ఇంకా రాలేదు.